వాల్వు మొరాయిస్తే.. నడి ఏట గాలిలో దీపమే
* పడవ ఇంజిన్ల నిర్వహణపై కొరవడిన దృష్టి
* ఏడాదంతా మూలన.. వరద వేళ పూర్తి వేగంతో పరుగు
* లైఫ్ జాకెట్లతో పాటు ఇంజిన్ లోపలి భాగాల తనిఖీ కూడా ఆవశ్యకం

మహానంది: రోడ్డు మీద ట్రాక్టర్ ఆగిపోతే పక్కకు నెట్టి మెకానిక్ కోసం కబురు పెట్టవచ్చు. నది నడుమ ఇంజిన్ ఆగిన పడవకు ఆ వెసులుబాటు లేదు. చుక్కాని పనిచేయాలన్నా పడవ ముందుకు సాగుతూ ఉండాలి. ఇంజిన్ ఊపిరి ఆగిన క్షణం నుంచి ఆ పడవ ప్రవాహం చేతిలో కీలుబొమ్మగా మారుతుంది. పక్కకు తిరిగి, అలలకు అడ్డంగా నిలిచి, ఏ వంతెన స్తంభానికో, చెట్టు మొదలుకో తగిలే ప్రమాదం ఉంటుంది. అంతటి కష్టానికి కారణం ఒక్కోసారి బొటనవేలంత స్ప్రింగు కావచ్చు. లేదా వెంట్రుక మందాన తేడా వచ్చిన ట్యాపెట్ గ్యాప్ కావచ్చు.

నంద్యాల జిల్లాకు ఈ విషయం కొత్త కాదు, దూరమూ కాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లాకు ఒక పక్క శ్రీశైలం జలాశయం వెనుక జలాలు, మరో పక్క కుందూ నది, నల్లమల నుంచి దూకే వాగులు ఉన్నాయి. కొత్తపల్లి మండలం సంగమేశ్వరం వద్ద నుంచి ఆవలి ఒడ్డున తెలంగాణలోని సోమశిలకు పడవలే దగ్గరి దారి. శ్రీశైలం పాతాళగంగలో యాత్రికుల బోట్లు తిరుగుతుంటాయి. వెనుక జలాలను నమ్ముకొని మత్స్యకారులు బతుకుతున్నారు. ఇక 2019 సెప్టెంబరు మూడో వారంలో నంద్యాల ప్రాంతంలో కురిసిన కుండపోతకు మహానంది ఆలయ ప్రాంగణంలోకే వరదనీరు చొరబడిన సంగతి భక్తులెవరూ మరువలేరు. పడవ అవసరం ఎప్పుడు, ఏ ఊరికి వస్తుందో చెప్పలేని నేల ఇది.

వాల్వుల వరుస అంటే..

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ ఏదైనా, అది పొలంలోని ఆయిల్ ఇంజిన్ అయినా, పడవకు బిగించిన యంత్రమైనా ఊపిరి పీల్చి వదలడానికి కవాటాలు, అంటే వాల్వులు ఉంటాయి. ఒకటి గాలిని లోనికి రానిస్తుంది. మరొకటి కాలిన పొగను బయటకు పంపుతుంది. వీటిని వేళకు తెరిచేది క్యామ్ షాఫ్టు. దాని మీది ఉబ్బెత్తు భాగం ట్యాపెట్‌ను నెడుతుంది. ట్యాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్ ఆర్మ్‌ను కదిలిస్తే రాకర్ వాల్వును కిందికి నొక్కుతుంది. తెరిచిన వాల్వును తిరిగి మూసే బాధ్యత స్ప్రింగుది. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం తెగినా ఇంజిన్ నిలిచిపోతుంది.

ఈ భాగాల మీద పడే శ్రమ ఎంతటిదో లెక్కిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే చిన్న డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో వాల్వు నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నిమిషానికి 6 వేల చుట్లు తిరిగే వేగపు బోటు ఇంజిన్‌లో అదే వాల్వు సెకనుకు 50 సార్లు, గంటకు 1.80 లక్షల సార్లు కదులుతుంది. ఆ వేగంతో 56 గంటలు నడిస్తే స్ప్రింగు కోటి సార్లు ముడుచుకుని విచ్చుకున్నట్లే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక వంపు వద్ద తెగుతుంది. స్ప్రింగుకు కూడా అటువంటి అలసటే ఉంటుంది.

వేగం పెరిగే కొద్దీ భారం అంతకు అంత పెరగదు, వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే వాల్వును అదుపులో ఉంచడానికి నాలుగు రెట్ల బలం కావాలి. ఇంజిన్‌కు నిర్ణయించిన గరిష్ఠ వేగాన్ని పది శాతం మించితే భారం 21 శాతం పెరుగుతుంది. స్ప్రింగు ఆ బలాన్ని ఇవ్వలేనప్పుడు వాల్వు క్యామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది. మూసుకోవాల్సిన వేళకు మూసుకోదు. పైకి వచ్చే పిస్టన్ దానిని గుద్దితే వాల్వు వంగుతుంది, తల తెగిపడితే పిస్టన్, హెడ్ రెండూ ధ్వంసమవుతాయి.

పడవ ఇంజిన్‌కే ఎందుకింత కష్టం?

కారు, ట్రాక్టర్ ఇంజిన్లకు లేని కష్టాలు పడవ ఇంజిన్‌కు మూడు ఉన్నాయి.

మొదటిది విరామం లేని బరువు. చదునైన రోడ్డు మీద సాగే కారు తన శక్తిలో కొద్ది భాగమే వాడుకుంటుంది. దిగుడులో ఇంజిన్‌కు విశ్రాంతి దొరుకుతుంది. నీటికి దిగుడు లేదు. పంకా తిరిగినంత సేపూ నీటిని నెడుతూనే ఉండాలి. పంకా వేగం కొంచెం పెంచినా కావాల్సిన శక్తి ఘనంగా, అంటే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లుగా పెరుగుతుంది. అందువల్లనే పడవ ఇంజిన్ గంటల తరబడి తన పూర్తి సామర్థ్యానికి చేరువలో పనిచేయాల్సి వస్తుంది. పొగ వాల్వు తల వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాకా చేరగలదు.

రెండవది హఠాత్తుగా తగ్గే బరువు. అల మీద పడవ ఎగిరినప్పుడు పంకా నీటి పైకి తేలుతుంది. ఒక్కసారిగా బరువు లేని ఇంజిన్ కళ్లెం తెగిన గుర్రంలా పరుగెడుతుంది. మళ్లీ నీటిలో పడగానే ఆ వేగానికి గట్టి దెబ్బ తగులుతుంది. గవర్నర్ సక్రమంగా ఉన్న డీజిల్ ఇంజిన్ ఈ ఊపును తట్టుకుంటుంది. గవర్నర్ అరిగినా, ఎక్కువ వేగం కోసం దాని అమరికను మార్చినా మొదటి దెబ్బ వాల్వు స్ప్రింగుకే తగులుతుంది.

మూడవది నీరు. పెద్ద బోట్లలో పొగ గొట్టాన్ని చల్లార్చేందుకు నీటిని దానిలోకే వదులుతారు. నెమ్మదిగా నడిచే వేళ, లోనికి వచ్చే వాల్వు, పొగ వాల్వు కొద్దిసేపు రెండూ తెరిచి ఉండే క్షణంలో ఆ తేమ వెనక్కి సిలిండర్‌లోకి చేరే అవకాశం ఉంది. వారాల తరబడి కదలని ఇంజిన్‌లో రాత్రి చలికి గాలిలోని తేమ కూడా లోపల చెమటలా పడుతుంది. వాల్వు కూర్చునే సీటు మీద తుప్పు పట్టి, స్ప్రింగు మీద సూదిమొనంత గుంట పడినా చాలు. తీగ అక్కడి నుంచే చీలడం ఆరంభిస్తుంది. వెనుక జలాల్లోది మంచినీరే కదా, సముద్రపు ఉప్పు లేదు కదా అన్న ధీమా పనికిరాదు. వరద వేళ నీటిలోని ఒండ్రు, నాచు, ప్లాస్టిక్ సంచులు జల్లెడను మూసి చల్లార్చే నీటిని ఆపేస్తాయి. ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగితే వాల్వు సీటు సడలుతుంది, వాల్వు కాడ గైడులో ఇరుక్కుంటుంది.

కృష్ణమ్మపై పందెం చెప్పిన పాఠం

రాష్ట్రంలో అత్యంత వేగపు పడవలను ప్రజలు దగ్గరగా చూసింది 2018 నవంబరు 16 నుంచి 18 వరకు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణానదిలో ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ పవర్‌బోటు పోటీలు జరిగాయి. అమరావతి పేరుతో ఒక జట్టు కూడా బరిలో దిగింది. గంటకు 200 కిలోమీటర్లకు మించి దూసుకుపోగల ఆ పడవలకు అమర్చినవి మెర్క్యురీ సంస్థ తయారుచేసిన 2.5 లీటర్ల వీ6 ఇంజిన్లు. నిమిషానికి 10 వేలకు పైగా చుట్లు తిరిగి సుమారు 400 అశ్వశక్తినిచ్చే ఆ యంత్రాలలో విశేషం ఏమిటంటే, వాటిలో వాల్వుల వరుసే లేదు. అవి రెండు స్ట్రోకుల ఇంజిన్లు. సిలిండర్ గోడలోని రంధ్రాలను పిస్టనే మూసి తెరుస్తుంది. గాలి వచ్చే దారిలో పల్చని రేకు తలుపులు తప్ప క్యామ్, రాకర్, స్ప్రింగు ఏవీ ఉండవు. విరిగేందుకు భాగమే లేనప్పుడు విరుగుతుందన్న బెంగ ఉండదు.

అయితే రెండు స్ట్రోకుల ఇంజిన్ ఇంధనాన్ని ఎక్కువగా తాగుతుంది, పొగ ఎక్కువగా వదులుతుంది. కాలుష్య నియంత్రణ కట్టుబాట్లు బిగుస్తున్న కొద్దీ ప్రపంచమంతటా పడవ ఇంజిన్లు నాలుగు స్ట్రోకుల వైపు మళ్లాయి. అదే మెర్క్యురీ ఆ తరువాతి సంవత్సరాలలో పందెపు పడవల కోసం 360 ఏపీఎక్స్ పేరిట 4.6 లీటర్ల వీ8 నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌ను రూపొందించింది. వాల్వులు లేని యంత్రం నుంచి 32 వాల్వుల యంత్రానికి పందెపు పడవ మారింది.

వాల్వులు తప్పవని తేలాక తయారీదారులు వెదికిన మార్గం వాటి బరువును తగ్గించడం. 2010లో మెర్క్యురీ రేసింగ్ విభాగం 1350 అశ్వశక్తి గల 9 లీటర్ల బోటు ఇంజిన్‌ను విడుదల చేసింది. పాత పెద్ద ఇంజిన్లలోని పొడవాటి పుష్‌రాడ్లను తొలగించి క్యామ్ షాఫ్టులను నేరుగా హెడ్ పైకి చేర్చారు. సిలిండర్‌కు రెండు పెద్ద వాల్వుల స్థానంలో నాలుగు చిన్న వాల్వులు అమర్చారు. కదిలే బరువు తగ్గితే స్ప్రింగు మీద భారం తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. పందెపు జట్లు అక్కడితో ఆగవు. స్ప్రింగు విరిగే దాకా వేచి చూడకుండా, నడిచిన గంటల లెక్క ప్రకారం ముందే మార్చివేస్తాయి. మన పల్లె పడవకు కావాల్సింది ఆ కోట్ల రూపాయల ఇంజిన్ కాదు, ఆ గంటల లెక్క.

చప్పుడు చేసేదే మేలు

ట్యాపెట్ గ్యాప్ విషయంలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రైతులకు తెలియనిది లేదు. ట్రాక్టర్ హెడ్ విప్పి వాల్వులు లాపింగ్ చేయించని రైతు అరుదు. అయినా ఒక అపోహ బలంగా ఉంది. టక్ టక్‌మని చప్పుడు వస్తే ఇంజిన్ చెడిందని, చప్పుడు లేకుండా నడిస్తే బాగున్నట్లేనని చాలామంది భావిస్తారు. నిజానికి గ్యాప్ కొంచెం ఎక్కువైతే చప్పుడు వస్తుంది, శక్తి కొంత తగ్గుతుంది, భాగాలు అరుగుతాయి. హెచ్చరిక మాత్రం చెవిన పడుతుంది. గ్యాప్ మరీ తక్కువైతే చప్పుడే ఉండదు. వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు పూర్తిగా మూసుకోకుండా నిలిచిపోతుంది.

ప్రమాదం అక్కడే పొంచి ఉంది. పొగ వాల్వుకు తగిలిన వేడిలో దాదాపు ముప్పాతిక భాగం అది సీటు మీద కూర్చున్న వేళనే హెడ్‌లోకి దిగిపోతుంది. కూర్చునే అవకాశం లేని వాల్వు చల్లబడదు. సందులోంచి నిప్పులాంటి పొగ దూసుకుపోయి దాని అంచును కాల్చివేస్తుంది. సీటు కొంతకాలం వాడకంలో అరిగి వాల్వు లోనికి దిగే కొద్దీ గ్యాప్ దానంతట అదే తగ్గుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకపోయినా కొలత మారుతుంది. చిన్న డీజిల్ ఇంజిన్లలో ఈ గ్యాప్ సాధారణంగా మిల్లీమీటరులో అయిదో వంతు, నాలుగో వంతు ప్రాంతంలో ఉంటుంది. అంటే రెండు మూడు కాగితాల మందం. కచ్చితమైన కొలత ఇంజిన్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చూడాలా, వేడిగా ఉన్నప్పుడు చూడాలా అన్నది కూడా అందులోనే ఉంటుంది. ఫీలర్ గేజీతో కొలవాల్సిన దానిని చేతి అంచనాకు వదిలేయడం తగదు.

మూలన ఉన్న బోటుతోనే ముప్పు

రోజూ తిరిగే పడవ కంటే ఏడాదికి ఒకసారి నీటిలో దిగే సహాయక బోటు ఇంజిన్‌కే ముప్పు ఎక్కువ. వరద సహాయానికి వాడే ఓబీఎంలలో రెండు స్ట్రోకులవీ, నాలుగు స్ట్రోకులవీ ఉంటాయి. ట్యాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి వాల్వు కాడకు పట్టుకుంటుంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అందుబాటులోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. నిల్వ ఉంచిన బోటు ఇంధనాన్ని ఎప్పటికప్పుడు మార్చాల్సిన ఆవశ్యకత దీనితో మరింత పెరిగింది.

అలా మూలన ఉన్న ఇంజిన్‌ను వరద వచ్చిన రోజున లాగి, వేడెక్కే వ్యవధి కూడా ఇవ్వకుండా పూర్తి వేగంతో నడిపితే ఇరుక్కున్న వాల్వు వద్ద పుష్‌రాడ్ వంగిపోతుంది. తుప్పు పట్టిన సీటు గల సిలిండర్ ఒత్తిడిని నిలపలేక ఇంజిన్ స్టార్టే కాదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు, ఊరు మునిగిన వేళ హెడ్ విప్పి ప్రయోజనం లేదు. నమూనా విన్యాసాల పేరిట ఒడ్డునే అయిదు నిమిషాలు నడిపి ఆపడం వల్ల కూడా మేలు కంటే కీడే ఎక్కువ. వేడెక్కకుండానే ఆగిన ఇంజిన్‌లో తేమ, మసి మిగిలిపోతాయి. నీటిలో దించి, మనుషులను ఎక్కించి, కనీసం అరగంట బరువు మీద నడిపితేనే లోపం ఏదైనా ఉంటే బయటపడుతుంది.

చట్టం ఉంది.. లెక్క పుస్తకం ఏదీ?

నదుల మీద జరిగిన ఘోరాలకు ఇంజిన్ ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట వద్ద కృష్ణలో పడవ మునిగి 60 మంది దాకా జలసమాధి అయ్యారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద 22 మంది మరణించారు. అనుమతి లేని బోటు, పరిమితికి మించిన జనం, లైఫ్ జాకెట్లు లేకపోవడం అక్కడి లోపాలు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ బోటు వరద ఉధృతిలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. మహానంది ఆలయాన్ని వరద ముంచెత్తింది కూడా ఆ వారంలోనే. కనుక మొదటి జాగ్రత్త జనం లెక్క, లైఫ్ జాకెట్, వరద హెచ్చరికే. ఆ తరువాతి స్థానం మాత్రం నిస్సందేహంగా ఇంజిన్‌దే. వరదలో ఎదురీదే పడవకు బతుకు దారి అదొక్కటే.

కచ్చులూరు దుర్ఘటన అనంతరం 2020లో రాష్ట్రంలో 9 బోటు నియంత్రణ గదులు ఏర్పాటయ్యాయి. వాటిలో శ్రీశైలం ఒకటి. 1917 నాటి పాత చట్టం స్థానంలో కేంద్రం 2021లో అంతర్దేశీయ నౌకల చట్టాన్ని తెచ్చింది. యంత్రంతో నడిచే ప్రతి పడవకూ సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి అని ఆ చట్టం చెబుతోంది. చట్టం మంచిదే. అయితే సర్వే జరిగిన నాడు బాగున్న ఇంజిన్ రెండు వందల గంటలు నడిచాక ఎలా ఉందన్నది ఆ కాగితం చెప్పదు. అది చెప్పగలిగేది గంటల లెక్క పుస్తకమే. ఎన్ని గంటలు నడిచింది, నూనె ఎప్పుడు మార్చారు, ట్యాపెట్లు ఎప్పుడు సరిచేశారు, స్ప్రింగులు ఎప్పుడు వేశారు అనే నాలుగు వరుసలున్న నోటు పుస్తకం ఖరీదు ఒక లైఫ్ జాకెట్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు.

పడవ యజమానులు చేయాల్సినవి

* ప్రతి పడవకూ గంటల లెక్క పుస్తకం ఉండాలి. ట్యాపెట్ గ్యాప్‌ను ఇంజిన్ పుస్తకంలో చెప్పిన గంటలకు తప్పకుండా కొలవాలి.
* రెండు తనిఖీల మధ్య గ్యాప్ పదే పదే తగ్గుతూ ఉంటే సీటు అరుగుతున్నట్లు గుర్తించి హెడ్ విప్పి చూపించాలి.
* హెడ్ విప్పినప్పుడు స్ప్రింగుల పొడవును కొత్తదానితో పోల్చాలి. పొట్టిబడినా, తుప్పు గుంట కనిపించినా మొత్తం వరుసను మార్చాలి. పాత ట్రాక్టర్ స్ప్రింగులను సర్దడం ప్రమాదకరం.
* గవర్నర్ అమరికను మార్చి వేగం పెంచరాదు.
* చల్లార్చే నీటి జల్లెడను ప్రతి ప్రయాణానికి ముందు శుభ్రం చేయాలి. వేడెక్కిన ఇంజిన్‌ను వెంటనే ఆపక, బరువు లేకుండా కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి.
* తెడ్లు, లంగరు, పొడవాటి మోకు పడవలో ఎల్లవేళలా ఉండాలి. ఇంజిన్ ఆగినప్పుడు పడవను నిలబెట్టేది లంగరే.

వంతెన వచ్చినా తీరని అవసరం

సోమశిల - సిద్ధేశ్వరం మధ్య కృష్ణానదిపై వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. కల్వకుర్తి నుంచి వచ్చే 167కె జాతీయ రహదారిలో భాగంగా రూ.1,082 కోట్ల అంచనాతో దానిని ప్రతిపాదించారు. వంతెనపై రాకపోకలు సాగే నాటికి రేవు పడవల మీద భారం తగ్గవచ్చు. మత్స్యకారుల పడవ మాత్రం నీటిలోనే ఉంటుంది. శివరాత్రికి సంగమేశ్వరుని దర్శించే భక్తులు, జలాశయం నిండితే నీట మునిగే ఆ ఆలయ పరిసరాల్లో పడవలనే ఆశ్రయిస్తారు. కుందూ పొంగితే లోతట్టు గ్రామాలకు సహాయక బోటు రావాల్సిందే.

జిల్లాలో ఐటీఐలు, ట్రాక్టర్ మెకానిక్కులు, లేత్ షాపులు ఉన్నాయి. వాల్వు సీటు కోయగల, హెడ్ సరిచేయగల నైపుణ్యం నంద్యాల పట్టణంలోనే లభిస్తుంది. ఏటా వానకాలానికి ముందు మే నెలలో మత్స్యశాఖ, రెవెన్యూ, అగ్నిమాపక శాఖలు కలిసి రేవుల వద్దనే ఇంజిన్ల తనిఖీ శిబిరాలు నిర్వహిస్తే పెద్దగా వ్యయం కాదు. ఇద్దరు మెకానిక్కులు, ఒక ఫీలర్ గేజీ, సిలిండర్ ఒత్తిడి చూసే మీటరు ఉంటే ఒక రేవులోని పడవల స్థితి ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. లోపమున్న ఇంజిన్‌కు మరమ్మతు పూర్తయ్యే దాకా జనాన్ని ఎక్కించరాదన్న నిబంధనను కచ్చితంగా అమలు చేయాలి. ప్రమాదం జరిగాక విచారణ సంఘాలు వేయడం కంటే, వాన పడక ముందే రాకర్ కవరు విప్పి చూడడం అందరికీ మేలు.